మన నొప్పి డాక్టర్‌కు వినపడకపోతే: ఎల్‌బీ నగర్ ఆస్పత్రుల్లో పేషెంట్ హక్కుల కరదీపిక

ఆస్పత్రిలో చేరిన మనిషి మాటను డాక్టర్ వినకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. కసురుకున్నాడు, మొహం తిప్పుకుని పోయాడు, ముట్టుకోకుండా మందు రాశాడు అని ఇంటికొచ్చాక చెప్పుకుంటాం, తర్వాత మర్చిపోతాం. కానీ వార్డులో పేషెంట్ చెప్పే మాట వైద్యానికి మొదటి ఆధారం. ఆపరేషన్ తర్వాత కడుపులో నొప్పి పెరుగుతోందన్న మాటను కొట్టిపారేస్తే ఆ మనిషికి జరిగేది అవమానం ఒక్కటే కాదు, ప్రాణమే పోవచ్చు. అలాంటప్పుడు మంచం పక్కన ఉన్న అటెండెంట్, బయట ఉన్న కార్యకర్త, ఫోన్ అందుకున్న విద్యార్థి ఏం చేయాలి, ఏ చట్టం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ఈ వ్యాసం.

చేతులు మారిన థర్మామీటర్

డాక్టర్ అంబేద్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక సంఘటనను నమోదు చేశారు. కథియావాడ్‌లోని ఒక గ్రామంలో పనిచేసే దళిత ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం అది. 1929 డిసెంబర్ 12న ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయింది. బాలింతగా ఉన్న ఆయన భార్యకు జబ్బు చేసింది. డాక్టర్ వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల పూచీతో, ఫీజు ముందే మాట్లాడుకున్నాక వచ్చాడు గానీ ఆమెను ముట్టుకోలేదు. థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. తిరిగి అదే వరుసలో అది డాక్టర్ దగ్గరికి చేరింది. న్యుమోనియా అని చెప్పి డాక్టర్ వెళ్లిపోయాడు. ఆమె బతకలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ డాక్టర్ వైద్యం చేయనని అనలేదు. వచ్చాడు, జబ్బు పేరు చెప్పాడు, మందూ ఇచ్చాడు. చేయనిది పరీక్ష ఒక్కటే. తర్వాతి పరిశోధనలు పట్టుకున్నదీ ఈ తేడానే. షా, మందర్, థోరట్, దేశ్‌పాండే, బావిస్కర్ కలిసి 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో చేసిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి రావడం లేదని అందులో తేలింది. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు అందే వైద్యాన్ని చూశారు. వివక్ష ఉందా లేదా అని అడిగి ఊరుకోకుండా ముట్టుకోవడం, మాట్లాడే తీరు, ఇచ్చే సమయం, ఎదురుచూడాల్సి రావడం, మందు చేతికిచ్చే పద్ధతి అని దాన్ని ముక్కలుగా విడదీశారు. వార్డులో మనం రాసుకోవాల్సిన విషయాల జాబితా కూడా అదే.

ఇదంతా కలిసి ఎక్కడికి తీసుకెళ్తుందో ఒక అంకె చెబుతుంది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక ప్రకారం భారతదేశంలో చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు, పై కులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు తక్కువ. ఆ తేడా అంతా ఆస్పత్రిలోనే పుట్టదు. నీళ్లు, తిండి, పని, ఇల్లు అన్నీ అందులో ఉన్నాయి. అయితే చివరి మెట్టు మాత్రం చాలాసార్లు ఆస్పత్రే.

ఎల్‌బీ నగర్ ఎందుకు

విజయవాడ హైవే, సాగర్ రోడ్డు కలిసే చోటు ఎల్‌బీ నగర్. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, ఇబ్రహీంపట్నం వైపు నుంచి జబ్బు మనిషిని తీసుకుని బయలుదేరిన వాళ్లకు సిటీ ఇక్కడే మొదలవుతుంది. వనస్థలిపురంలో, మలక్‌పేటలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రులున్నాయి. రింగ్ రోడ్డు నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రైవేటు ఆస్పత్రులు, నర్సింగ్ హోమ్‌లు వరుసగా ఉంటాయి. అక్కడ కుదరకపోతే మెట్రో ఎక్కి ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో పోవాలి. కొత్తపేటలోని పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. ఈ వైపు జనానికి పెద్దాస్పత్రి ఎంత దూరంగా ఉండిందో చెప్పడానికి ఆ తేదీ చాలు.

ఈ చుట్టుపక్కలే జరిగిన రెండు ఘటనలు గుర్తు పెట్టుకోవాలి. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతా వాళ్లను హడావుడిగా హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. విచారణ జరిగింది, వైద్యాధికారులపై చర్యలు తీసుకున్నారు. 2023 జనవరిలో మలక్‌పేట ఏరియా ఆస్పత్రిలో సిజేరియన్ అయిన ఇద్దరు బాలింతలు చనిపోయారు. డాక్టర్ల నిర్లక్ష్యమేనని కుటుంబాలు ఆస్పత్రి ముందు కూర్చున్నాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది.

ఈ రెండూ కుల వివక్ష కేసులని ఇక్కడ అనడం లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కత్తి కిందికి వెళ్లే ఆడవాళ్లు ఎవరో, ఏ పనులు చేసుకుని బతుకుతారో మనకు తెలుసు. ఆపరేషన్ తర్వాత నొప్పి, వాంతులు, జ్వరం అన్న మాటలను గంటల్లో పట్టించుకోవాలా, రోజుల తర్వాతా అన్నదే ఇలాంటి చోట బతుకునీ చావునీ వేరుచేస్తుంది. అంత బరువున్న మాటను వినకపోవడాన్ని ‘డాక్టర్ గారి స్వభావం అంతే’ అని వదిలేయలేం.

రద్దీ ఏది, నిర్లక్ష్యం ఏది, కులం ఏది

సిటీ ఆస్పత్రుల్లో కులం చాలావరకు తన పేరుతో రాదు. ‘ఏం పని చేస్తావ్?’ ‘ఏ బస్తీ?’ ‘చెప్తే అర్థమవుతుందా నీకు?’ ‘ఫ్రీగా వచ్చి మళ్లీ ప్రశ్నలా?’ ‘మీవాళ్లకు శుభ్రత తెలియదు’ అన్న రూపంలో వస్తుంది. ఇంటిపేరు, ఊరు, యాస, కార్డు చూసి అంచనా వేసుకున్నాక మాట తీరు మారుతుంది. డాక్టర్ కోటు వేసుకున్నంత మాత్రాన కులం బయట ఆగదు. 2019 మే నెలలో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ మరణం, 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుతున్న లంబాడా పీజీ విద్యార్థిని మరణం దేశమంతా చర్చకు వచ్చాయి. రెండింటిలోనూ ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసులు నమోదయ్యాయి. తోటి డాక్టర్ల మధ్యే ఇలాంటి ఆరోపణలు వస్తున్నప్పుడు మంచం మీదున్న కూలి మనిషితో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అదే సమయంలో రద్దీ కూడా నిజమే. ముప్పై మంది పేషెంట్లున్న వార్డుకు ఒక్క పీజీ డాక్టర్, ఇద్దరు సిస్టర్లు ఉన్న రాత్రి అందరితోనూ విసుగ్గానే మాట్లాడతారు. కాబట్టి తేడా పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, పక్క మంచానికి చేసిన పని మనకు చేయలేదా? రెండు, చెప్పాల్సింది చెప్పాక కూడా పరీక్ష చేయలేదా, ముట్టుకోలేదా, రాసుకోలేదా? మూడు, కులాన్నో, వృత్తినో, వాడనో గుర్తుచేసే మాట ఏదైనా అన్నారా? మొదటిదానికి అవునంటే అది వివక్ష అయ్యే అవకాశం ఉంది, ఆధారం కూడబెట్టాలి. రెండోదానికి అవునంటే అది వైద్య నిర్లక్ష్యం, కులంతో సంబంధం లేకుండానే ఫిర్యాదు చేయొచ్చు. మూడోదానికి అవునంటే అట్రాసిటీ చట్టం గురించి ఆలోచించాలి. మూడింటినీ ఒకే కాగితంలో కలగాపులగం చేస్తే మూడూ పలచబడతాయి.

చేరిన రోజే మొదలుపెట్టాల్సినవి

పదిరూపాయల నోట్‌బుక్ ఒకటి కొనండి. తేదీ, సమయం, ఎవరు వచ్చారు, ఏం చూశారు, ఏం చెప్పారు, ఏ మందు ఇచ్చారు అని రాయండి. పేషెంట్ చెప్పిన నొప్పిని ఎన్ని గంటలకు ఎవరికి చెప్పారో తప్పకుండా రాయండి. ‘సిస్టర్‌కు రాత్రి 11:40కి చెప్పాం, డాక్టర్‌కు ఫోన్ చేస్తానన్నారు, 2 గంటల దాకా రాలేదు’ అన్న ఒక్క వాక్యం, నెల తర్వాత గుర్తుచేసుకుని రాసే నాలుగు పేజీల కంటే ఎక్కువ పనిచేస్తుంది. అటెండెంట్ మారినప్పుడు నోట్‌బుక్ కూడా చేతులు మారాలి.

ఐపీ నంబర్, వార్డు, మంచం నంబర్, యూనిట్ పేరు మొదటి పేజీలో రాసుకోండి. బోధనాస్పత్రుల్లో పేషెంట్ ఒక యూనిట్ కింద చేరతాడు. హౌస్‌సర్జన్, పీజీ, అసిస్టెంట్ ప్రొఫెసర్, పైన యూనిట్ చీఫ్ ఉంటారు. కసురుకున్న డాక్టర్ ఈ వరుసలో ఎక్కడున్నాడో తెలిస్తే, ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది. పేరు అడగడం గొడవ కాదు. ‘సార్, మీ పేరు చెప్తే రాసుకుంటాం, తర్వాత వచ్చే డాక్టర్‌కు చెప్పాలి కదా’ అంటే చాలు.

ఆరోగ్యశ్రీ కింద చేరితే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఏ ప్యాకేజీకి అనుమతి వచ్చిందో అడగండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఈ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం అందుతుంది. ఇది ఆస్పత్రి దయతో చేసే ఉచిత వైద్యం కాదు. ప్రభుత్వం ఆ ఆస్పత్రికి డబ్బు కడుతోంది. ‘ఫ్రీ పేషెంట్’ అన్న మాట వినపడినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ప్యాకేజీలో ఉన్నదానికి పైసలు అడిగితే 104కు ఫోన్ చేయాలి.

రౌండ్స్‌లో ఏం అడగాలి

పొద్దున రౌండ్స్‌కు డాక్టర్ మంచం దగ్గర నిలబడేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు ముందే ప్రశ్నలు రాసి పెట్టుకోండి. జబ్బు ఏమిటని అనుకుంటున్నారు? ఈ పరీక్ష ఎందుకు? రిపోర్టులో ఏముంది? ఈ రోజు చేయబోయేది ఏమిటి? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే మిమ్మల్ని పిలవాలి? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ‘జ్వరం 101 దాటితే పిలవండి’ అని డాక్టర్ నోటితో చెప్పాక, రాత్రి పిలిచినప్పుడు సిస్టర్ కాదనలేదు.

నొప్పి చెప్పేటప్పుడు ‘బాగా నొప్పిగా ఉంది’ అని ఆపొద్దు. ఎక్కడ, ఎప్పటినుంచి, నిన్నటికంటే పెరిగిందా, మాత్ర వేసుకున్నాక తగ్గిందా, మూత్రం వస్తోందా, అన్నం నిలుస్తోందా చెప్పండి. అయినా పట్టించుకోకపోతే అడగాల్సిన మాట ఒకటుంది: ‘మేం ఈ నొప్పి గురించి చెప్పామని, పరీక్ష అవసరం లేదని మీరు అన్నారని కేస్ షీట్‌లో రాయండి.’ రాయాల్సి వస్తుందనగానే చాలామంది ఒకసారి చెయ్యి పెట్టి చూస్తారు. మనక్కావాల్సింది కూడా అదే.

జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో ప్రజల ముందు పెట్టింది. అందులో 17 హక్కులున్నాయి. 2019 జూన్‌లో దీన్ని అమలు చేయమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. సమాచారం, రికార్డులు, అత్యవసర వైద్యం, తెలిసి ఇచ్చే సమ్మతి, గౌరవం, గోప్యత, రెండో అభిప్రాయం, ధరల పారదర్శకత, వివక్ష లేని వైద్యం, మందులు నచ్చిన షాపులో కొనుక్కోవడం, బిల్లు కట్టలేదని పేషెంట్‌నో మృతదేహాన్నో ఆపకుండా ఉండటం, ఫిర్యాదు చేస్తే వినడం వాటిలో ముఖ్యమైనవి. ఇది చట్టం కాదు, ఒక్క దీన్ని పట్టుకుని కోర్టుకు పోలేం. కానీ ఇందులోని చాలా అంశాలకు వెనక చట్టాలు, తీర్పులు ఉన్నాయి. సూపరింటెండెంట్‌తో మాట్లాడేటప్పుడు భాషగా ఇది బాగా పనికొస్తుంది.

మెట్లు ఎక్కే వరుస

ముందు వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్. తర్వాత డ్యూటీ డాక్టర్, యూనిట్ చీఫ్. ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే ఆపైన ఆర్‌ఎంవో, సూపరింటెండెంట్. ప్రైవేటులో మెడికల్ సూపరింటెండెంట్ లేదా మెడికల్ డైరెక్టర్. పేషెంట్ రిలేషన్స్ అని బల్ల వేసుకుని కూర్చునే వాళ్లు బిల్లుల సంగతి చూస్తారు, వైద్యం గురించి నిర్ణయించేది వాళ్లు కాదు. అక్కడే రోజు గడిపేయొద్దు.

పరిస్థితి విషమిస్తుంటే ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కుతూ కూర్చోవద్దు. నేరుగా సూపరింటెండెంట్ గదికి పొండి, రెండో డాక్టర్‌తో చూపించమని అడగండి. కాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది:

‘ఫలానా వార్డు, ఫలానా మంచం, ఐపీ నంబర్ ఫలానా పేషెంట్‌కు నిన్న సాయంత్రం 6 గంటల నుంచి కడుపునొప్పి, వాంతులు ఉన్నాయి. 6:30కి, 9:15కి, రాత్రి 1 గంటకు సిబ్బందికి చెప్పాం. ఇప్పటిదాకా డాక్టర్ పరీక్షించలేదు. వెంటనే సీనియర్ డాక్టర్‌తో పరీక్ష చేయించి, ఆ వివరాలు కేస్ షీట్‌లో రాయించాలని కోరుతున్నాం.’

ఆరోపణలు, విశేషణాలు లేవు. గంటలున్నాయి, అడిగిన పని ఉంది. రెండు కాపీలు రాసి ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే ఫోటో తీసి ఆస్పత్రి ఈమెయిల్‌కో వాట్సాప్ నంబర్‌కో పంపండి. పంపిన సమయమే సాక్ష్యం.

ఆస్పత్రి బయటి మెట్టు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి. ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. మలక్‌పేట, సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలోకి. దిల్‌సుఖ్‌నగర్‌లో వీధి దాటితే జిల్లా మారుతుంది. ఆస్పత్రి బోర్డు మీద, బిల్లు మీద ఉన్న చిరునామా చూసి ఏ జిల్లా అధికారికి రాయాలో తేల్చుకోండి.

అత్యవసర స్థితిలో వచ్చిన వాళ్లను వెనక్కి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. అయినా 2022 జనవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట ఆస్పత్రిలో కొవిడ్ పాజిటివ్ అని చేర్చుకోకపోవడంతో ఒక గర్భిణి ఆస్పత్రి ముందే ప్రసవించింది. సూపరింటెండెంట్‌ను, డ్యూటీ డాక్టర్‌ను సస్పెండ్ చేశారు. తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు దాటాక కూడా గేటు దగ్గర ఉన్నవాళ్లకు ఆ తీర్పు తెలియదు. అందుకే గేటు దగ్గర ఉన్న మనకు తెలియాలి.

కేస్ షీట్ మనది

డాక్టర్ల వృత్తి నియమావళి 2002లో వచ్చింది. దాని స్థానంలో 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నియమాలను అదే నెలలో నిలిపివేశారు కాబట్టి పాతదే అమల్లో ఉంది. దాని ప్రకారం పేషెంట్‌గానీ అధికారం ఇచ్చిన అటెండెంట్‌గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తీసుకుని వచ్చేయొద్దు. అడ్మిషన్ నోట్స్, రోజువారీ ప్రోగ్రెస్ నోట్స్, నర్సింగ్ చార్టు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, సమ్మతి పత్రాలు, రిపోర్టులు పేరుపేరునా రాసి అడగండి. ఎన్ని గంటలకు ఏం జరిగిందో నర్సింగ్ చార్టులో ఉంటుంది. మన నోట్‌బుక్‌ను పక్కన పెట్టి చూసేది దాన్నే.

ప్రభుత్వ ఆస్పత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఫీజు లేదు.

చావు జరిగి, అనుమానం ఉంటే, అక్కడే పోస్టుమార్టం అడగండి. ఆ ఏడుపులో ఇది చెప్పడం కష్టమే. కానీ దహనమో ఖననమో అయిపోయాక మిగిలేది ఆస్పత్రి రాసిన కాగితమే.

సంతకం పెట్టే ముందు

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టం చేసింది. ఒక పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఇంకో ఆపరేషన్‌కు సమ్మతి కాదు. ప్రాణాపాయం ఉంటే తప్ప, ఎలాగూ మత్తిచ్చాం కదా అని గర్భసంచి తీసేయకూడదు. ఏం చేయబోతున్నారు, ఎందుకు, ప్రమాదం ఏమిటి, వేరే దారి ఉందా, చేయకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పాకే సంతకం. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చదివి చెప్పమని అడగండి. ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం, వేలిముద్ర వేయొద్దు.

విసిగిపోయి ‘మేం పోతాం’ అంటే లామా ఫారం ముందు పెడతారు. వైద్యుడి సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత అని దానర్థం. రేపటి కేసులో ఆస్పత్రి చూపించే మొదటి కాగితం అదే. దాని బదులు రిఫరల్ అడగండి. రిఫర్ చేస్తే కారణం రాయాలి, రిపోర్టులు ఇవ్వాలి, అంబులెన్స్ సంగతి చూడాలి. తప్పనిసరై లామా మీద సంతకం చేయాల్సి వస్తే, పక్కనే చేత్తో ‘ఫలానా సమయం నుంచి డాక్టర్ చూడనందున వెళ్తున్నాం’ అని రాసి సంతకం చేయండి.

అట్రాసిటీ చట్టం ఎక్కడ నిలుస్తుంది

కార్యకర్తలకు మొదట గుర్తొచ్చేది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిరోధక చట్టమే. అందులో 3(1)(ఆర్) అవమానించాలనే ఉద్దేశంతో చేసిన అవమానాన్ని, బెదిరింపును, 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడాన్ని నేరంగా చూస్తాయి. రెండింటికీ అది బహిరంగంగా, జనం చూసేలా జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగింది దీనికిందికి రాదని హితేష్ వర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అవమానం కులం కారణంగానే జరిగి ఉండాలని కూడా చెప్పింది. కాబట్టి జనరల్ వార్డులో, ఓపీ లైన్‌లో అన్న మాట వేరు, తలుపేసిన గదిలో అన్న మాట వేరు. పక్క మంచాల వాళ్లే మనకు సాక్షులు. డిశ్చార్జి అయి ఎవరి ఊరికి వాళ్లు పోకముందే వాళ్ల పేరు, ఫోన్ నంబర్ తీసుకోండి. బంధువుల సాక్ష్యం ఒక్కటే సరిపోదు.

ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి దళితులను రానివ్వకుండా అడ్డుకోవడాన్ని 2015 సవరణ వేరే నేరంగా చేర్చింది. ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చెబుతుంది. దర్యాప్తు ఏసీపీ స్థాయి అధికారి చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అట్రాసిటీల జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయొచ్చు, రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు రాయొచ్చు.

మనవాళ్లు దాదాపు మర్చిపోయిన చట్టం ఇంకొకటి ఉంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం. దాని 5వ సెక్షన్ రెండు ముక్కలు. మొదటిది, అంటరానితనం కారణంగా ఆస్పత్రిలో చేర్చుకోకపోవడం నేరం. రెండోది, చేర్చుకున్నాక వివక్ష చూపించడం కూడా నేరం. మంచం ఇచ్చి, మనిషిని ముట్టని డాక్టర్ వచ్చేది ఈ రెండో ముక్కలోకి. ఇంకా ముఖ్యమైనది 12వ సెక్షన్. బాధితులు షెడ్యూల్డ్ కులాల వాళ్లయితే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలి వాళ్లే. శిక్ష చిన్నది, ఆరు నెలల లోపు. అయినా కులం పేరు ఎత్తకుండా నడిచే సిటీ వివక్షకు ఈ నిబంధనే దగ్గరగా సరిపోతుంది. ఫిర్యాదులో అట్రాసిటీ చట్టంతోపాటు దీన్ని కూడా రాయాలి.

ఒక్క విషయం. కోపంతో, కులం ప్రస్తావనే లేని చోట అట్రాసిటీ కేసు పెడితే అది నిలవదు. నిలవని ప్రతి కేసునూ చట్టం దుర్వినియోగమవుతోందనే వాళ్లు చేతికి తీసుకుంటారు. నష్టం ఆ ఒక్క కుటుంబానిదే కాదు.

కౌన్సిల్, కమిషన్, కోర్టు

వృత్తిపరమైన తప్పుకు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. 2002 నియమావళి పేషెంట్‌ను నిర్లక్ష్యం చేయకూడదని చెబుతుంది, ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని కూడా చెబుతుంది. కౌన్సిల్ హెచ్చరించొచ్చు, రిజిస్టర్ నుంచి పేరు తొలగించొచ్చు. పరిహారం ఇప్పించదు. పైగా 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం 30వ సెక్షన్ అప్పీలు హక్కును డాక్టర్‌కే రాసింది, పేషెంట్ మాట అందులో లేదు. రోగి సంఘాలు, మన సంఘాలు కలిసి అడగాల్సిన సవరణ ఇది.

పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్. 1995లో వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని ఈ చట్టం కిందికి తెచ్చింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు మాత్రం దీనికి బయట ఉన్నాయి. అంటే అన్నిటికంటే పేదవాళ్లు పోయే చోటే ఈ తలుపు మూసి ఉంది. బీమా కంపెనీయో యజమానో డబ్బు కట్టినా అది సేవే అని అదే తీర్పు చెప్పింది. ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద చేరిన వాళ్లు తమ కేసులో ఈ వాదన ఎత్తాలి. ఈఎస్‌ఐ ఆస్పత్రులు కూడా చట్టం కిందికే వస్తాయని 2007లో కిశోర్ లాల్ కేసులో తేలింది. రెండేళ్లలోపు కేసు వేయాలి. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

క్రిమినల్ కేసు అన్నిటికంటే కష్టం. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు తర్వాత తీవ్రమైన నిర్లక్ష్యం అని చూపాలి, పోలీసులు మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. వైద్యంలో నిర్లక్ష్యం వల్ల చావు జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది.

లాయర్ ఖర్చు గురించి వెనక్కి తగ్గొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్‌బీ నగర్‌లోనే ఉన్నాయి. ఫోన్ నంబర్ 15100.

చెయ్యెత్తితే కేసు మన మీదకే

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన వైద్య సిబ్బంది రక్షణ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. డాక్టర్ మీద, ఆస్పత్రి ఆస్తి మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, నాన్‌బెయిలబుల్. ఒక్క అద్దం పగిలితే అప్పటిదాకా ఉన్న మన ఫిర్యాదు పక్కకు పోతుంది, దాడి కేసు ముందుకొస్తుంది. మంచం మీదున్న మనిషికి అప్పుడు అటెండెంట్ కూడా ఉండడు. సంఘం నుంచి పదిమంది పోయినా లోపలికి ఇద్దరే పోవాలి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేస్తే మీ సంభాషణ వరకే చేయండి, ఇతర పేషెంట్లు కనపడేలా వీడియో తీయొద్దు. అసలు ఫైల్ చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. కోర్టులో దానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

విద్యార్థులకు, సంఘాలకు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్‌ల కోసం వేలమంది మన పిల్లలు ఉంటున్నారు. ఊరి నుంచి ఎవరైనా జబ్బుతో వస్తే మొదటి ఫోన్ వాళ్లకే వస్తుంది. ఇంగ్లిష్ చదవగలిగిన ఒక్కరు రౌండ్స్ సమయానికి మంచం పక్కన నిలబడితే డాక్టర్ మాట తీరు మారడం చాలామంది చూసే ఉంటారు. ఆ మార్పు మనకు ఉపయోగమే, మన అవమానానికి రుజువు కూడా. చదువుకున్న మనిషి పక్కన ఉన్నాడని మర్యాద ఇస్తే, అది లేనప్పుడు ఇవ్వనిది ఎవరికో తేలిపోయింది కదా.

కాబట్టి వంతులు వేసుకుని వార్డుకు పోయే బృందం ఒకటి, పై కాగితం నమూనా తెలుగులో అచ్చువేసిన కట్ట ఒకటి, ప్రతి కేసు తేదీలతో రాసిపెట్టే రిజిస్టర్ ఒకటి ఈ ప్రాంతంలోని ప్రతి సంఘం దగ్గర ఉండాలి. ఒక్క కుటుంబం చెబితే అది వాళ్ల బాధ. ఒకే వార్డు గురించి, ఒకే సమయం గురించి ఇరవై కుటుంబాలు తేదీలతో చెబితే సూపరింటెండెంట్ డ్యూటీ చార్టు తీసి చూడక తప్పదు. ఆ రిజిస్టర్ ఈ వారమే తెరవండి.